కొట్టివేసిన జవాబు

తిరుపతిలో మే నెల.
స్పాట్ వాల్యుయేషన్, మూడో అంతస్తు.
ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి తిరగదు.
చిత్తూరు నుంచి తొలి బస్సుకొచ్చి
ఎర్రపెన్ను మూత తీసేసరికి
మునెయ్య కట్ట తెచ్చి బల్ల మీద వేశాడు.
అమెరికా చరిత్ర, నలభై పత్రాలు.
పేరు లేదు, ఊరు లేదు, నల్లగీతల కోడొకటి.

నాలుగు వందల ఏళ్ళను
పూటకు ఇరవై చొప్పున దిద్దాలి.

పది దాటకముందే ఓడలు దిగాయి.
ఒకడు పొగాకు నాటాడు,
ఇంకొకడు రాజుగారికి పన్ను కట్టనని మొండికేశాడు.
బోస్టన్ రేవులో టీపెట్టెలు నీళ్ళ పాలైన సంగతి అందరికీ తెలుసు;
ఒకమ్మాయి మాత్రం "పాలు లేకుండా" అని చేర్చింది.
నవ్వొచ్చి అర మార్కు ఎక్కువేశాను.
అంతర్యుద్ధం పన్నెండు పత్రాల్లో
ఒకే గైడు మాటలతో, ఒకే అచ్చుతప్పుతో జరిగింది:
"బానిసత్వం రుద్దు."
రద్దు అని దిద్దబోయిన పెన్ను
ఎందుకో కాసేపు ఆగింది.

నాకు తెలిసిన మొదటి అమెరికా
రెండో తరగతిలో పెట్టిన పచ్చటి ఉప్మా.
కరువు సంవత్సరం. సత్తుగిన్నె. పొడవాటి వరస.
చేతులు కలిపిన బొమ్మున్న గోతాన్ని కత్తిరించి
మా అమ్మ పలకసంచి కుట్టింది.
ఆ రెండు చేతుల్లో మనదేదని అడిగితే
"ముందు చాపింది రా" అన్నాడు అయివారు.
ఈ ప్రశ్న ఏ ఏడూ పేపర్లో రాలేదు.

ఇరవై ఏడో పత్రం. ఐదో ప్రశ్న.
మూలవాసుల పట్ల అమెరికా ప్రభుత్వ విధానమును వివరింపుము.
నీలిసిరా. ఒత్తి రాసే చెయ్యి.

"వాళ్ళను రిజర్వేషన్లకు తోలినారు.
రిజర్వేషన్ అంటే మాకు సీటు. నేను అట్లే కాలేజీకి వచ్చినాను.
వాళ్ళకు కంచె.
ఒకటే మాట, ఒకచోట లోపలికి రమ్మంటాది,
ఒకచోట బయటికి రావద్దంటాది.
మా అబ్బ శేషాచలం అడవిలో పుట్టినాడు.
ఫారెస్టోళ్ళు వచ్చి తెల్లరాయి నాటినారు.
రాయికి ఆపక్క తేనె, ఈపక్క మేము.
ఇప్పుడు చెనిక్కాయ చేలల్లో ఎలకలు పడతాడు.
ఎలక మాది, అది బొక్కలో దాచిన కాయలు మావి,
చేను మాది కాదు.
కన్నీటి బాట ఎన్ని మైళ్ళో పుస్తకంలో ఉంది.
మాది ఎవరూ కొలవలేదు.
నడిస్తే అరగంట."

దాని మీద
ఈ మూల నుంచి ఆ మూలకు స్కేలు పెట్టి గీసిన గీత.
కింద అదే నీలిసిరా, అదే చెయ్యి:
కొట్టివేయడమైనది.

తర్వాతి పేజీలో మళ్ళీ ఐదో ప్రశ్న.
1830 చట్టం. ఏడు పాయింట్లు. ఒక్కోదాని కింద రెండేసి గీతలు.
ఉపోద్ఘాతముంది, ముగింపుంది,
గైడులో ఉన్న కామాతో సహా ఉంది.
చెయ్యి మాత్రం ఈసారి ఒత్తలేదు.

ముక్కంటి సార్ దగ్గరికి తీసుకుపోయి చూపించాను.
చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, మళ్ళీ చదివాడు.
"కొట్టేసింది దిద్దకూడదమ్మా.
మార్కు లేదు. సున్నా కూడా లేదు.
మనం చూడనట్టే."

గైడుకు పదికి ఎనిమిది వేశాను.
ఆ పేజీకి నా ఎర్రసిరా ఎక్కడా తగల్లేదు.
తిప్పేటప్పుడు
వెనకవైపు అక్షరాలు
వేలికి ఉబ్బెత్తుగా తగిలాయి,
గుడ్డివాళ్ళ పుస్తకంలా.

కిటికీలో కొండ.
దాని మీద రాళ్ళెక్కడున్నాయో ఇక్కడికి కనబడవు.
మునెయ్య టీ గ్లాసులు తెచ్చాడు,
ఎండకు పాలు విరిగాయట, ఒట్టి డికాషనే.
ఇంకా పదమూడు పత్రాలు.
ఇరవై ఎనిమిదో దాంట్లో
అప్పుడే ఓడలు దిగుతున్నాయి.